తుప్పు పట్టిన రేకు

సోదరీమణులారా! ఊరగాయలకును, అల్లికలకును, శిశుపోషణకును అలవాటైన ఈ పుటలలో మేము లారీరేకుల తుప్పును గూర్చి వ్రాయబూనుట మీకు వింతగా దోపవచ్చును. కొన్నాళ్ల క్రిందట మాకును వింతగానే యుండెడిది. పుట్టింట మా నాయనగారు మాకు అమరకోశమును, రఘువంశమును, భారతమున కొన్ని పర్వములను చెప్పిరి. ఇనుపమలమునకు మండూరమని పేరున్నదని నాడు వల్లించితిమి. ఆ మలము ఒక సంసారపు బువ్వనే తినివేయగలదని మాత్రము ఎఱుగమైతిమి. అది యెట్లు తెలిసివచ్చెనో మనవి చేయుదుము. ఇందు మా తప్పును గలదు. దానిని దాచి వ్రాసినచో ఈ వ్రాత వలన ఫలము లేదు.

మేము పంజాగుట్టలో నొక చిన్న వీథిలో నివసించుచున్నాము. ఒకప్రక్క నవాబు ఫఖ్రుల్ ముల్కు కట్టించిన ఎర్రమంజిలు గుట్ట. మఱియొకప్రక్క అమీరుపేటకు పోవు రాజమార్గము. 2018వ సంవత్సరము సెప్టెంబరు మొదలు ఆ మార్గముపై మెట్రోరైలు కూడ పరుగిడుచున్నది. మావారు ఒక బడిలో ఉపాధ్యాయులు. మా మరిదికి ఒక టాటా 407 సరుకుబండి గలదు. అది 2012లో తయారైనది. 2019లో చేయిమారి మాయింటికి వచ్చినది. ఇరుగుపొరుగువారు దానిని డీసీఎం అనియే పిలుతురు. 1980ల దశకమున డీసీఎం అను సంస్థ జపాను దేశపు టయోటాతో కలిసి చేసిన బండ్ల పేరది. ఆ సంస్థ బండ్లు పోయినను, మన నగరమున సరుకుబండి కనబడినచో ఆ పేరే నాలుకకు వచ్చుచున్నది. తెల్లవాఱుజామున బోయినపల్లి అంగడినుండి కూరగాయలు తెచ్చి దుకాణములకు చేర్చుట మా మరిది జీవనము. మరిది, తోడికోడలు, వారి యిద్దఱు పిల్లలు ఆ బండిమీదనే బ్రదుకుచున్నారు.

2023వ సంవత్సరపు వానకాలమున మా మరిదికి కాలు విఱిగి మూడు నెలలు మంచమెక్కినాడు. బండి వీథిలో కానుగచెట్టు క్రింద నిలిచిపోయినది. రాలిన ఆకులు ముందరి యద్దము క్రింది కాలువలో పేరుకొని కుళ్లినవి. నీరు పోవు దారి మూసికొనిపోగా, వాననీరు లోపలికి దిగి, రబ్బరు మ్యాటు క్రింద నిలిచినది. పైన చూచిన మ్యాటు పొడిగానే యుండెను గనుక ఎవ్వరును ఎత్తి చూడలేదు. కాలు బాగైన పిమ్మట చూడగా తలుపుల అడుగున, మెట్టు ప్రక్కను, కూర్చుండుచోటి క్రిందను రేకు బుడగలెత్తి, అక్కడక్కడ చిల్లులు పడియున్నది.

ఎనిమిదేండ్లు దాటిన సరుకుబండికి ఏటేటా యోగ్యతాపత్రము పొందవలెనని శాసనము. ఆ గడువు దగ్గఱపడుచుండెను. ఒక పనివాడు చూచి, చెడినంత కోసి క్రొత్త రేకు అతుకుటకు 28,000 రూపాయలగునని చెప్పెను. మా బీరువాలో మా అమ్మాయి కళాశాల రుసుమునకై కూడబెట్టిన సొమ్ము గలదు. మా మరిది అడుగలేదు. మేమును ఇత్తుమనలేదు. పైగా, "పుట్టీ పెట్టి రంగు వేయించరాదా, నాయనా! చూచువారికి తెలియదు గదా" అని సలహా నిచ్చితిమి. వదిన మాటకు ఎదురు చెప్పనివాడు గనుక అట్లే చేయించెను. మూడువేలతో పని ముగిసినది. బండి పెండ్లికొడుకువలె మెఱసినది. మేము మిక్కిలి తెలివిగలవారమని సంతసించితిమి.

మఱుసటి యేడు ఆషాఢమాసమున మా తోడికోడలు ఒకనాడు కుంటుచు వచ్చినది. మెట్లపై జాఱితినని చెప్పెను. చీలమండకు అయిదు కుట్లు పడినవి. ఎనిమిది దినముల తరువాత మా మరిదికి అన్నపుగిన్నె నందించుటకు బండి యెక్కితిమి. కాలి క్రింద ఏదో మెత్తగా దిగినట్లు తోచి మ్యాటు నెత్తితిమి. ఎడమవైపున, ఆమె కూర్చుండు చోట, జానెడు చిల్లు. దానిపై నూనెడబ్బా రేకు ముక్క కప్పియుండెను. చిల్లు అంచున ఆమె చీరె నూలుపోగులు చిక్కుకొనియున్నవి. బేగంపేట వంతెన దిగునప్పుడు మరిది బ్రేకు వేయగా, ఆమె కాలూనిన చోట నేల విఱిగి పాదము క్రిందికి దిగినదట. బండి నిదానముగా పోవుచుండుటచే బ్రదికినది.

"మాతో చెప్పవైతివేమి?" అని అడిగితిమి.

"మీరు చెప్పిన మాట వల్లనే ఇట్లాయెనని ఇంట్లో ఎవరూ అనకూడదు గదక్కా" అని ఆమె తల వంచుకొన్నది.

ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదు. ఉదయమున బీరువా తాళముతీసి సొమ్ము మరిది చేతిలో నుంచితిమి. మావారు ఒకటే మాట యనిరి: "రుసుము కట్టుటకు గడువున్నది, రేకునకు లేదు."

అమీరుపేట ప్రక్కసందున ఒక ముసలి టింకరింగు పనివాడు గలడు. మేము చాచాయందుము. యౌవనమంతయు ఆటోనగరులో లారీలకు రేకులు కొట్టినవాడు. ఆయన బండి చూచి, సుత్తితో రెండు దెబ్బలు తట్టి, "అమ్మా, ఇది పుట్టీ కాదు, పట్టీ. పుండు కడగకుండ పట్టీ కడితే లోపల ఏమైతది? ఇదీ గంతే. జంగు కనబడ్డకాడ తక్కువుంటది, కనబడనికాడ ఎక్కువుంటది" అని నవ్వెను. కోయుట, వెల్డింగు చేయుట తన పని. గీకుట, తోముట, ప్రైమరు పూయుట ఇంటివారు చేసికొన్నచో సగము ఖర్చు తగ్గునని చెప్పెను. అట్లు మేమును మా తోడికోడలును శిష్యురాండ్రమైతిమి. శ్రావణమున వాన తెరపి యిచ్చిన పదిదినములలో, వీథిలో టార్పాలిను పందిరి క్రింద, మేము నేర్చిన దానిని క్రమముగా వ్రాయుచున్నాము. ఇంట పాతబండి గలవారెల్లరికిని ఇది పనికివచ్చును.

మొదట తుప్పు స్వభావ మెఱుగవలెను. ఇనుము నీటితోను గాలిలోని ప్రాణవాయువుతోను కూడి తుప్పగును. అల్యూమినియపు గిన్నెపై ఏర్పడు పొర పలుచనై గట్టిగా అంటుకొని లోపలి లోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్టిది గాదు. అది ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించి ఉబ్బును, పొరలు పొరలుగా రాలును, గుల్లయై నీటిని పట్టియుంచును. ఆ నీటితో క్రింది ఇనుమును తినును. రంగు బుడగ యెత్తుట కిదియే కారణము. ఢిల్లీలో మెహరౌలీ ఇనుపస్తంభము రమారమి 1600 ఏండ్లుగా ఎండవానలకు నిలిచియున్నది. అందలి ఇనుమున భాస్వర మెక్కువగుటచే పైన పలుచని రక్షకపొర యేర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు బాలసుబ్రహ్మణ్యముగారు వివరించియున్నారు. మన బండిరేకునకు ఆ భాగ్యము లేదు. అది మిల్లీమీటరుకు అటునిటుగా నుండు పలుచని మెత్తని ఉక్కు. రంగు ఒక్కటే దానికి చీర. చీర చిఱిగిన చోట మానము దక్కదు.

రెండవది పరీక్ష. బండిని కడిగి ఆఱబెట్టి, మ్యాట్లను, కూర్చుండు దిండ్లను ఊడదీయవలెను. చిన్నసుత్తితో మెల్లగా తట్టుచు చెవియొగ్గినచో మంచి రేకు కంచువలె పలుకును. చెడిన రేకు తడిసిన తప్పెటవలె మొద్దుగా మ్రోగును. అనుమానమున్నచోట స్క్రూడ్రైవరుతో గ్రుచ్చవలెను. దిగినచోటెల్ల సుద్దతో గీత గీయవలెను. చక్రముల పైకప్పులు, తలుపుల అడుగంచులు, మెట్లు, ముందరి యద్దపు మూలలు, రెండు రేకులు కలియు అతుకులు, మ్యాటు క్రింది నేల: తుప్పునకు ఇవి ప్రియమైన స్థానములు. మేము మూడు చిల్లులే యనుకొంటిమి, సుద్దగీతలు పదునొకండైనవి.

మూడవది శరీరరక్షణ. నూలుచీర కట్టుకొని కొంగు బిగించి దోపవలెను. నైలాను, పాలియెస్టరు చీరలు నిప్పురవ్వకు కరిగి చర్మమున కంటుకొనును. గాజులు తీసి, జుట్టు ముడివేసి, కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు, ముక్కునకు మంచి మాస్కు పెట్టుకొనక తప్పదు. పాతరంగులో సీసముండవచ్చును గనుక దుమ్ము పీల్చరాదు. నీటితో తడుపుచు గీకుట మేలు. పిల్లలను దూరముంచవలెను. వెల్డింగు జ్వాలను వట్టికంట చూడరాదు; చూచినచో ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పించి, మంటకు దగ్గఱనున్న డీజిలు గొట్టములను, స్పాంజిని తొలగించి, ఇసుక బక్కెట్టు చేరువ నుంచుకొనవలెను. పని యయిన పిదప అరగంట యచ్చటనే కనిపెట్టి యుండవలెను. దాగిన నిప్పురవ్వ ఆలస్యముగా అంటుకొనును.

ఇక తుప్పు మూడు విధములు. మొదటిది పైపైది. వైరుబ్రష్షుతో తోమి, 80 నంబరు ఉప్పుకాగితముతో రుద్ది, వెండివలె తెల్లని రేకు కనబడువఱకు గీకిన చాలును. రెండవది గుంతలు పడినది. గుంతల లోపలి తుప్పును బ్రష్షు అందుకొనలేదు. దీనికి తుప్పుమందు పూయుదురు. కొన్నిటియందు ఫాస్ఫారికామ్లము, కొన్నిటియందు టానికామ్లము ఉండును. టానికామ్లము తగిలిన తుప్పు నల్లబడి గట్టిపొర యగును. ఇది చూచి మాకు నవ్వు వచ్చినది. పూర్వము మన యిండ్లలో కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి సిరా కాచెడివారు గదా! కరక్కాయ వగరును ఇనుపక్షారమును కూడి నల్లనగుట ఆ సిరా రహస్యము. ఈ మందు రహస్యమును అదియే. అయినను వంటింటి చింతపండును, నిమ్మరసమును రేకునకు పూసి యూరకుండరాదు. పులుపు మిగిలినచో మరల తుప్పు పట్టును. కొన్న మందునైనను డబ్బాపై చెప్పిన రీతినే వాడవలెను. రాలు పెచ్చులపై అది పనిచేయదు, చిల్లును పూడ్చదు.

మేము చేసిన మొదటి పొరపాటు ఇక్కడిది. ఒక ఆదివారము ఎడమతలుపు నంతయు శ్రద్ధగా గీకి, అలసి, ప్రైమరు రేపు పూయుదమని విడిచితిమి. తెల్లవాఱుసరికి రేకుపై పసుపు చల్లినట్లు క్రొత్త తుప్పు! వానకాలపు గాలికి అంతియే చాలును. గీకిన రేకు నానాడే ప్రైమరుతో కప్పవలెను, కప్పజాలనంత గీకరాదు.

మూడవది చిల్లు. కనబడు చిల్లుకంటె చెడుగు పెద్దది. చుట్టును గట్టి మంచిరేకు తగులువఱకు, ఆపైన ఇంకొక అంగుళము, కోయవలెను. ఇదియే మనస్సునకు కష్టమైన ఘట్టము. రెండు వ్రేళ్ల చిల్లునకు చాచా అరచేతులు రెండు పట్టునంత కోయుచుండగా మా తోడికోడలు, "బండి మిగులునా?" అని కన్నుల నీరు పెట్టుకొన్నది. "పుచ్చు వంకాయను కోసినట్టే అమ్మా! పురుగున్నంత తీయకపోతే కూర చేదు" అని ఆయన సమాధానము.

కోతకు మూలలు గుండ్రముగా నుండవలెను. కోణముగా నున్నచో కుదుపులకు అచ్చట పగులు పుట్టును. పిదప అట్టముక్కను ఆ చోట నుంచి గీత గీచి కత్తిరించిన నమూనా తయారగును. రవిక కత్తిరించు చేతికి ఇది నేర్పనక్కఱలేదు. మావారి బడిలోని పాత పరీక్షయట్టలు మాకు నమూనాలైనవి. ఆ కొలతకు అన్నివైపుల అరంగుళము కలిపి, పాత రేకుతో సమానమైన మందముగల రేకును కత్తిరింపవలెను. తలుపు రేకులకు 20 నంబరు రేకు, నేలకు కొంచెము మందమైన 18 నంబరు రేకు మాకు సరిపోయినవి. రాణీగంజిలో ఇవి దొరకును. జింకుపూత గల రేకైనచో అతుకుచోట పూత గీకవలెను. జింకు కాలిన పొగ జ్వరము తెప్పించును.

రెండు రేకులు ఒకదానిపై నొకటి పడు తావున, వెల్డింగునకు ముందే పూయదగిన జింకు ప్రైమరు పూయవలెను. జింకు ఇనుమునకు అక్కవంటిది. ముందు తాను క్షయించి చెల్లెలిని కాపాడును. ఈ మాట వినినప్పుడు మాకు తల యెత్త శక్యము కాలేదు. వెల్డింగును ఒక్క గీతగా సాగదీయరాదు. పలుచని రేకు వేడికి అప్పడమువలె ముడుచుకొనును. కుట్టుపనిలో టాకాలు వేసినట్లు, ఇచ్చట నొక చుక్క, ఎదుటివైపున నొక చుక్క, నడుమ చల్లాఱనిచ్చి మఱియొక చుక్క. ఈ రీతిని చుక్కలన్నియు కలియవలెను. వెల్డింగు లేనిచోట రివెట్లతోను రేకులజిగురుతోను అతుకుట కలదు. అది తలుపు రేకువంటి పైపైవానికే.

అతికిన పిదప ఎగుడుదిగుళ్లు నునుపుచేసి, అతుకుల సందులలో పైనను క్రిందను సీలరు నింపి, ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు పూయవలెను. మా రెండవ పొరపాటు: ఉత్సాహముకొలది తలుపు అడుగున నున్న చిన్నరంధ్రములనుగూడ సీలరుతో మూయబోతిమి. చాచా చేయిపట్టి ఆపెను. అవి చిల్లులు గావు; లోనికి దిగిన నీరు వెడలుటకు చేసినవి. వానిని మూసినచో తలుపే తొట్టియగును.

పుట్టీ చెడ్డది గాదు. దాని స్థానమున అది యుండవలెను. అది చెమ్మను పీల్చును గనుక వెనుక రేకు లేని చిల్లున నింపరాదు. గట్టి రేకుపై, సొట్టలు సరిచేసిన పిదప, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండ పూయవలెను. నిమ్మకాయంత పుట్టీకి రెండు శనగగింజలంత గట్టిపఱచు మందు చాలును. మేము ఎండకాచిన మధ్యాహ్నమున ఎక్కువ కలుపగా, అది తలుపున కెక్కకముందే పలకపై రాయియైనది. గట్టిపడిన పుట్టీని 80, 220, 400 నంబర్ల కాగితములతో వరుసగా రుద్ది, కన్నులు మూసికొని అరచేత నిమిరి చూడవలెను. కన్ను మోసపోవును, ముగ్గువేయు చేయి మోసపోదు. తరువాత ప్రైమరు, ఆపై రంగు. చినుకులు పడు దినమున రంగు వేయరాదు.

చివరగా ఒక హెచ్చరిక. బండికి వెన్నెముకయగు చాసిస్సు, క్యాబిను నిలుచు ఊతలు, సీటుబెల్టు బిగించిన చోట్లు, బ్రేకు గొట్టములు: వీనికి తుప్పుపట్టినచో క్రొత్తవారు చేయిపెట్టరాదు. నిపుణునికే చూపవలెను. ఇందు పొదుపు ప్రాణాంతకము.

పనికి మొత్తము 13,000 రూపాయలైనవి. నాలుగు దినముల బాడుగ పోయినది. మా చేతులు కాయలు గాచినవి. ఆ యేటి యోగ్యతాపత్రము వచ్చినది. కార్తికమాసమున మా మరిది బాడుగ సొమ్మునుండి కొంత కొంత తెచ్చి, అడుగకుండనే మా బీరువాలో పెట్టసాగెను. మేము వలదన్నను వినలేదు. మా అమ్మాయి రుసుము గడువునకు రెండు దినములు ముందుగా కట్టితిమి.

పుట్టీ పూయుమన్ననాడు మేము రేకును గూర్చి యెఱుగకపోలేదు. పనివాడు స్పష్టముగనే చెప్పియుండెను. సొమ్ము కదల్పవలసి వచ్చునను భయమున వినన ట్లుంటిమి. దానిని నేర్పుగా పొదుపని పేర్కొంటిమి. మా తోడికోడలు తన గాయమును దాచినది మా గౌరవము కొఱకు. మేము బండి చిల్లును దాచినది మా సొమ్ము కొఱకు. రెండును దాపఱికములే గాని, ఒకటి కాదు.

ఇప్పుడు ప్రతి ఆదివారము ఇద్దఱమును బండి మ్యాటెత్తి చూతుము. అద్దము క్రింది కాలువలో ఆకులు తీసివేయుదుము. తలుపు రంధ్రములలో చీపురుపుల్ల ఆడింతుము. పావుగంట పని. ఆమె చీలమండపై మచ్చ యున్నది. కాలు మడిచి కూర్చుండినపుడు కనబడును. ఆమె చీర కుచ్చెళ్లు దానిపైకి జార్చుకొనును, మేము చూడనట్లుండము.

సోదరీమణులారా! మీ యింట బండి యున్నచో ఈ వానలు ముదురకముందే ఒకమాఱు మ్యాటెత్తి చూడుడు.